అప్పులూ ఆస్తులూ ఉన్న కంపెనీని చట్టప్రకారం మూసేయడం ఎలా?

వ్యాపారం ఆపేయడం వేరు, కంపెనీని మూసేయడం వేరు. షట్టరు దించి, కరెంటు కనెక్షను తీయించి, పనివాళ్లకు లెక్క తేల్చి పంపేసినా కంపెనీ అలాగే ఉంటుంది. కంపెనీల రిజిస్ట్రారు దగ్గర దాని పేరు ఉంటుంది, బ్యాంకులో ఖాతా ఉంటుంది, ఏటా వేయాల్సిన రిటర్నులు ఉంటాయి. ఆ రిటర్నులు వేయకపోతే ఒక్కో ఫారానికి రోజుకు 100 రూపాయల చొప్పున ఆలస్య రుసుము పెరుగుతూ పోతుంది. వరసగా మూడేళ్లు వేయకపోతే డైరెక్టర్లు అనర్హులవుతారు. ఆ కంపెనీలోనే కాదు, వేరే ఏ కంపెనీలోనూ ఐదేళ్లపాటు డైరెక్టరుగా ఉండలేరు. 2017లో కేంద్రం ఒక్కసారిగా రెండు లక్షలకు పైగా కంపెనీల పేర్లు కొట్టేసినప్పుడు, తాళం వేసి వదిలేసిన కంపెనీల డైరెక్టర్లు ఎంతోమంది తాము కొత్తగా పెట్టుకున్న వ్యాపారాల్లో సంతకం పెట్టే అర్హత కూడా పోగొట్టుకున్నారు.

మన దగ్గర చాలామంది ఈ పని వాయిదా వేయడానికి కారణం చట్టం తెలియకపోవడం ఒక్కటే కాదు. మూసేస్తే ‘ఐపీ పెట్టాడు’ అంటారేమోనన్న భయం కూడా ఉంటుంది. ఆ భయంతో మరో ఏడాది, ఇంకో ఏడాది అంటూ లాగుతారు. ఈలోగా యంత్రాలు తుప్పు పడతాయి, వడ్డీ పెరుగుతుంది, అందరికీ పూర్తిగా చెల్లించగలిగిన కంపెనీ చెల్లించలేని స్థితికి చేరుతుంది. ఇక్కడ చెప్పబోయే పద్ధతి అప్పులన్నీ పూర్తిగా తీర్చగల కంపెనీలకు మాత్రమే అందుబాటులో ఉంటుంది. కాబట్టి ముందుగా చెప్పాల్సింది ఇదే: చెల్లించే శక్తి ఉండగానే మొదలుపెట్టండి.

ఇది మనదేశంలో నమోదైన ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఎల్‌ఎల్‌పీలకూ చాలావరకు ఇదే దారి. సొంత పేరుతో నడిపే వ్యాపారానికి, మామూలు భాగస్వామ్య సంస్థకు ఇది వర్తించదు.

ముందుగా: మీకు సరిపడే దారి ఏది?

మూడు దారులున్నాయి. ఏది మీదో తేల్చేది మీ ఇష్టం కాదు, మీ లెక్కలు.

కంపెనీకి అప్పులు లేవు, ఆస్తులూ లేవు అనుకోండి. అప్పుడు కంపెనీల చట్టం 248వ సెక్షను కింద పేరు కొట్టేయించుకుంటే చాలు. ఎస్‌టీకే-2 ఫారం, 10,000 రూపాయల రుసుము. 2023 మే నుంచి ఈ దరఖాస్తులన్నీ హర్యానాలోని మానేసర్‌లో ఉన్న సీ-పేస్ కేంద్రం చూస్తోంది. తేలిక కదా అని, అప్పులూ ఆస్తులూ ఉన్నవాళ్లు కూడా అన్నీ సున్నా అని రాసి ఈ దారిలో వెళ్లడం అక్కడక్కడా జరుగుతుంది. దయచేసి ఆ పని చేయవద్దు. ఇందులో డైరెక్టర్లు అఫిడవిట్, నష్టపూచీ బాండు రాసి ఇవ్వాలి. పేరు కొట్టేసినా డైరెక్టర్ల బాధ్యత పోదు. అప్పు రావలసినవాళ్లు 20 ఏళ్ల వరకూ నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్లి ఆ పేరును మళ్లీ ఎక్కించమని అడగవచ్చు. కంపెనీ పేరున స్థలం ఉండగా పేరు కొట్టేయిస్తే, ఆ స్థలం అమ్మడానికి సంతకం పెట్టే మనిషే ఉండడు.

రెండో దారి, ఆస్తులు అమ్మితే అప్పులన్నీ తీరిపోయే కంపెనీలది. దివాలా స్మృతి 2016లోని 59వ సెక్షను కింద జరిగే స్వచ్ఛంద లిక్విడేషన్ ఇది. 2017 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు కంపెనీల చట్టంలో ఉండిన స్వచ్ఛంద మూసివేత స్థానంలోకి ఇది వచ్చింది. ‘దివాలా’ అన్న మాట చట్టం పేరులో ఉంది గానీ ఈ సెక్షను కింద మూతపడే కంపెనీ దివాలా తీసిన కంపెనీ కాదు. అందరి బాకీలూ తీర్చి తప్పుకుంటున్న కంపెనీ.

మూడోది, ఆస్తులన్నీ అమ్మినా అప్పులు తీరని పరిస్థితి. అప్పుడు కంపెనీయే స్వయంగా అదే స్మృతిలోని 10వ సెక్షను కింద నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు వెళ్లాలి. ముందు కంపెనీని నిలబెట్టే ప్రయత్నం జరుగుతుంది, అది కుదరకపోతే లిక్విడేషన్. ఈ దారిలో వెళ్లడం నామోషీ అనుకోనక్కర్లేదు. స్మృతి వచ్చాక దేశంలో మొట్టమొదట ఆమోదం పొందిన పరిష్కార ప్రణాళిక విశాఖపట్నానికి చెందిన సినర్జీస్ డూరే ఆటోమోటివ్‌ది. ఆ కంపెనీ 10వ సెక్షను కింద తానే తలుపు తట్టింది. 2017 ఆగస్టులో హైదరాబాద్ బెంచి ఆ ప్రణాళికను ఆమోదించింది. హైదరాబాద్‌కు చెందిన ల్యాంకో ఇన్‌ఫ్రాటెక్‌ది వేరే కథ. దానికి ఆమోదయోగ్యమైన ప్రణాళిక రాలేదు, 2018 ఆగస్టులో లిక్విడేషన్‌కు వెళ్లింది.

ఇక మీద చెప్పేదంతా రెండో దారి గురించి.

మొదటి మెట్టు: నిజమైన లెక్క

జీడిమెట్లలో ఒక చిన్న ప్యాకింగ్ యూనిట్ ఉందని ఊహించుకుందాం. షెడ్డూ స్థలమూ కలిపి 90 లక్షలు చేస్తాయి. యంత్రాలు 30 లక్షలు. ఖాతాదారుల నుంచి రావలసింది పుస్తకంలో 20 లక్షలు ఉంది గానీ నిజంగా వసూలయ్యేది 12 లక్షలే. బ్యాంకులో 3 లక్షలు. మొత్తం 1 కోటి 35 లక్షలు. అప్పుల వైపు చూస్తే బ్యాంకుకు 42 లక్షలు, సరుకు ఇచ్చినవాళ్లకు 14 లక్షలు, డైరెక్టర్లు తమ చేతి నుంచి కంపెనీకి ఇచ్చినవి 20 లక్షలు, పనివాళ్ల గ్రాట్యుటీ, సెలవుల డబ్బు వగైరా 11 లక్షలు, పన్నులు 4 లక్షలు. మొత్తం 91 లక్షలు. పైకి 44 లక్షల మిగులు.

ఇప్పుడు ఇదే లెక్కను కాస్త కఠినంగా వేయండి. మూసివేత ఖర్చులు, అమ్మకాల మీద పన్నులు 12 లక్షలనుకుంటే మిగులు 32 లక్షలకు దిగింది. పాత యంత్రాలు సగం ధరకే పోయాయనుకోండి, 17 లక్షలు. షెడ్డు కొనేవాడు ఇరవై శాతం తగ్గించి అడిగాడనుకోండి, అంటే మరో 18 లక్షలు పోతాయి. లక్ష రూపాయల లోటు! పైకి బాగానే కనిపించిన కంపెనీ రెండు చెడ్డ బేరాలతో రెండో దారి దాటి మూడో దారిలో పడింది. అందుకే పుస్తకంలోని విలువలు పక్కన పెట్టి, ఈ రోజు సంతలో పలికే ధర వేసుకోవాలి. మిగులు మరీ సన్నగా ఉంటే, డైరెక్టర్లు తామిచ్చిన అప్పును ముందుగానే వాటాలుగా మార్చుకోవడం ఒక ఉపాయం. మన ఉదాహరణలో ఆ 20 లక్షలు అప్పుల జాబితాలోంచి పోతే కంపెనీకి ఊపిరి పీల్చుకునే చోటు దొరుకుతుంది. ఊరికే మాఫీ చేసేస్తే కంపెనీకి పన్ను తగిలే అవకాశం ఉంది. ఏది చేసినా మీ ఆడిటరుతో కూర్చుని చేయండి.

అప్పుల జాబితాలో చాలామంది మరిచిపోయేవి కొన్నుంటాయి. ఎప్పుడో వచ్చి ఫైల్లో పడున్న జీఎస్టీ నోటీసు, ఈఎస్ఐ బకాయి, కోర్టులో నడుస్తున్న కేసు, ఇంకో కంపెనీ అప్పుకు మీ కంపెనీ ఇచ్చిన హామీ, అమ్మిన సరుకు మీద ఇంకా గడువు తీరని వారంటీ. ఆస్తుల్లో మరిచిపోయేవీ ఉంటాయి: కరెంటు డిపాజిట్టు, అద్దె అడ్వాన్సు, ఆదాయపు పన్ను రీఫండు. పారిశ్రామికవాడలో స్థలమైతే కేటాయింపు పత్రాలు తీసి చదవండి. ఏపీఐఐసీ, టీజీఐఐసీ స్థలాల్లో బదిలీకి షరతులుంటే అమ్మకానికి పట్టే కాలం వాటి మీదే ఆధారపడుతుంది.

రెండో మెట్టు: గడువు దాటిన బాకీ ఒక్కటీ ఉండకూడదు

59వ సెక్షను మొదటి షరతే ఇది. చెల్లించాల్సిన రోజు దాటిపోయినా చెల్లించని అప్పు ఉన్న కంపెనీ ఈ దారిలోకి రాకూడదు. అప్పు ఉండటం తప్పు కాదు, ఎగవేత ఉండకూడదు. కాబట్టి గడువు దాటిన బిల్లులు ముందే తీర్చండి, లేదా ఆ వ్యాపారితో మాట్లాడి గడువు పెంచినట్టు రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక్కడే ఒక పొరపాటు జరిగే ప్రమాదం ఉంది. మూసేద్దామని మనసులో అనుకోగానే ముందు ఇంటివాళ్ల బాకీ తీర్చేయాలనిపిస్తుంది. బావమరిది ఇచ్చిన ఐదు లక్షలు వడ్డీతో సహా ఇచ్చేసి, సరుకు ఇచ్చిన వ్యాపారిని ఆగమంటారు. కంపెనీ దగ్గర తర్వాత డబ్బు చాలకపోతే ఈ చెల్లింపులు పక్షపాతంగా చేసినవని తిరగదోడే వీలు చట్టంలో ఉంది. సొంతవాళ్లకు చేసిన చెల్లింపులైతే రెండేళ్లు, బయటివాళ్లకైతే ఏడాది వెనక్కి వెళ్లి చూస్తారు.

బ్యాంకుకు ముందుగా చెప్పండి. అప్పుకు డైరెక్టర్లు సొంత హామీ ఇచ్చి ఉంటే, ఇల్లు తనఖా పెట్టి ఉంటే, ఆ హామీ పత్రాలు, ఇంటి దస్తావేజులు అప్పు పూర్తిగా తీరాకే తిరిగి వస్తాయి. అప్పు తీరగానే బకాయి లేదన్న పత్రం తీసుకుని, తనఖా తీరినట్టు 30 రోజుల్లో రిజిస్ట్రారు దగ్గర సీహెచ్‌జీ-4 ఫారం వేయాలి.

పనివాళ్లకూ ఈ దశలోనే చెప్పాలి. పత్రికా ప్రకటన చూసి తమ ఉద్యోగం పోయిందని వాళ్లు తెలుసుకోవడం అన్యాయం. ఎంతమంది పనిచేస్తున్నారన్న దాన్ని బట్టి మూసివేత నోటీసు, కొన్నిచోట్ల ప్రభుత్వ అనుమతి కూడా అవసరం కావచ్చు. ఐదేళ్ల సర్వీసు నిండిన ఉద్యోగికి గ్రాట్యుటీ ఏడాదికి 15 రోజుల జీతం చొప్పున, నెలజీతాన్ని 26తో భాగించి లెక్కగడతారు. పీఎఫ్, పింఛను, గ్రాట్యుటీ నిధుల్లో ఉన్న డబ్బు అసలు లిక్విడేషన్ ఆస్తుల్లోకే రాదు. అది పనివాళ్ల సొత్తు.

మూడో మెట్టు: వాల్యూయర్, లిక్విడేటర్

ఆస్తులకు విలువ కట్టే పని ఐబీబీఐ దగ్గర నమోదైన వాల్యూయర్ చేయాలి. ఐబీబీఐ అంటే దివాలా వ్యవహారాలను నియంత్రించే కేంద్ర బోర్డు. స్థలాలు-భవనాలు, యంత్రాలు, షేర్ల వంటి ఆర్థిక ఆస్తులు అని మూడు విభాగాలుగా నమోదు ఉంటుంది. స్థలానికి ఒకరు, యంత్రాలకు ఇంకొకరు కావాల్సి రావచ్చు.

మూసివేత పనంతా నడిపే లిక్విడేటర్‌గా ఉండేది ఐబీబీఐ దగ్గర నమోదైన దివాలా నిపుణుడు. పనులు చేపట్టే అనుమతిపత్రం ఆ రోజుకు చెల్లుబాటులో ఉందో లేదో బోర్డు వెబ్‌సైట్‌లో మీరే చూసుకోవచ్చు. కంపెనీతో సంబంధం లేని మనిషి కావాలి. మీ ఆడిటరుకు, మీ కంపెనీ సెక్రటరీ సంస్థకు ఆ పని అప్పగించడం కుదరదు. ఫీజు ఎంత, అందులో ట్రైబ్యునల్ పని కలిసి ఉందా లేదా అన్నది ముందే రాయించుకోండి. షేర్‌హోల్డర్ల తీర్మానంలో ఆ మొత్తం ఉండాలి.

నా మాట వింటే, ఫీజు తక్కువన్న ఒక్క కారణంతో ఎంచుకోవద్దు. మీ రంగంలో ఆస్తులు అమ్మిన అనుభవం ఉందా అని అడగండి. పాత యంత్రాలు ఎవరు కొంటారో తెలిసిన మనిషి తన ఫీజుకు కొన్నిరెట్లు ఎక్కువ తెచ్చిపెట్టగలడు.

నాలుగో మెట్టు: డైరెక్టర్ల ప్రమాణం

ఈ ప్రక్రియకంతటికీ గుండెకాయ ఇదే. ఎక్కువమంది డైరెక్టర్లు అఫిడవిట్‌తో ఒక డిక్లరేషన్ ఇవ్వాలి. కంపెనీ వ్యవహారాలు పూర్తిగా విచారించామని, కంపెనీకి అప్పులు లేవని లేదా ఆస్తులు అమ్మగా వచ్చే డబ్బుతో అప్పులన్నీ పూర్తిగా తీర్చగలదని, ఎవరినీ మోసం చేయడానికి మూసేయడం లేదని అందులో ప్రమాణం చేస్తారు. గత రెండేళ్ల ఆడిటైన లెక్కలు, వ్యాపార కార్యకలాపాల వివరాలు, వాల్యూయర్ నివేదిక దానికి జతచేయాలి.

మొదటి మెట్టులో అంత కఠినంగా లెక్క వేయమన్నది ఈ సంతకం కోసమే. అప్పులవాళ్లను మోసం చేసినట్టు తేలితే స్మృతిలో జైలుశిక్ష దాకా ఉంది. పేరుకు డైరెక్టరుగా ఉన్న భార్య, తండ్రి, స్నేహితుడు కూడా ఈ కాగితం మీద సంతకం పెడుతున్నారంటే, వాళ్లకు ప్రతి అంకె అర్థమయ్యేలా చెప్పాల్సిన బాధ్యత మీది.

ఐదో మెట్టు: నాలుగు వారాల్లో షేర్‌హోల్డర్ల తీర్మానం

డిక్లరేషన్ ఇచ్చిన నాలుగు వారాల్లోపు సర్వసభ్య సమావేశం పెట్టి ప్రత్యేక తీర్మానం చేయాలి. అంటే పోలైన ఓట్లలో కనీసం నాలుగింట మూడొంతులు అనుకూలంగా రావాలి. కంపెనీని మూసేయాలని, ఫలానా దివాలా నిపుణుణ్ణి లిక్విడేటర్‌గా నియమించాలని తీర్మానంలో ఉండాలి.

సమావేశానికి 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. నాలుగు వారాలంటే 28 రోజులే. డిక్లరేషన్ ఇచ్చాక ఒక వారం నిదానించినా సమయం చాలదు. అందుకే నోటీసు ముందే సిద్ధం చేసుకుని, డిక్లరేషన్ రోజే పంపించండి. 95 శాతం వాటా ఉన్న మెజారిటీ సభ్యులు ఒప్పుకుంటే తక్కువ వ్యవధిలోనూ సమావేశం పెట్టుకోవచ్చు. కుటుంబ కంపెనీల్లో సాధారణంగా ఇదే జరుగుతుంది. డాలస్‌లోనో మెల్‌బోర్న్‌లోనో ఉన్న బంధువులకు వాటాలుంటే వాళ్ల సమ్మతి పత్రాలు ముందుగా తెప్పించుకోండి.

తీర్మానం అయిన రోజే లిక్విడేషన్ మొదలైన రోజు. కంపెనీకి అప్పులుంటే దానికి అప్పులవాళ్ల ఆమోదం కూడా కావాలి.

ఆరో మెట్టు: వారంలో అప్పులవాళ్ల ఆమోదం

తీర్మానమైన ఏడు రోజుల్లో, మొత్తం అప్పు విలువలో మూడింట రెండొంతులకు సమానమైన అప్పులవాళ్లు ఒప్పుకోవాలి. ఇక్కడ లెక్క తలల మీద కాదు, రూపాయల మీద. మన ఉదాహరణలో 91 లక్షలకు మూడింట రెండొంతులంటే దాదాపు 60 లక్షల 67 వేలు. బ్యాంకు 42, డైరెక్టర్ల అప్పు 20 కలిపి 62 లక్షలు, సరిపోయింది. అదే డైరెక్టర్లు తమ 20 లక్షలను ముందే వాటాలుగా మార్చుకుని ఉంటే మొత్తం అప్పు 71 లక్షలు, కావలసింది 47 లక్షల 33 వేలు. అప్పుడు బ్యాంకు ఒక్కటే చాలదు, సరుకు ఇచ్చినవాళ్లలో కొందరి సంతకాలూ కావాలి. మిగులు పెంచిన ఉపాయమే ఇక్కడ పని కాస్త పెంచింది. ఏది మీకు మేలో ముందే చూసుకోవాలి.

వారం రోజుల్లో బ్యాంకు నుంచి కాగితం రావడం అంత తేలిక కాదు. శాఖ మేనేజరు దగ్గర తేలే విషయం కాదది, పై కార్యాలయానికి వెళ్లాలి. తీర్మానానికి ముందే బ్యాంకుతో మాట్లాడి, సమ్మతి లేఖ ముసాయిదా వాళ్ల చేతిలో పెట్టి ఉండాలి. చట్టం అడిగేది మూడింట రెండొంతులే అయినా, పెట్టె సరుకు ఇచ్చిన చిన్న వ్యాపారిని కూడా కూర్చోబెట్టి మాట్లాడటం మంచిది. ఏళ్ల తరబడి మిమ్మల్ని నమ్మి అరువు ఇచ్చిన మనిషికి ఆ మర్యాద దక్కాలి.

ఏడో మెట్టు: తెలియజేయాల్సినవాళ్లకు తెలియజేయడం

తీర్మానం, లేదా అప్పులవాళ్ల ఆమోదం, వచ్చిన ఏడు రోజుల్లో రిజిస్ట్రారుకూ ఐబీబీఐకీ తెలియజేయాలి. తెలంగాణ కంపెనీలకు రిజిస్ట్రారు హైదరాబాద్‌లో, ఆంధ్రప్రదేశ్ కంపెనీలకు విజయవాడలో ఉంటారు. తీర్మానానికి ఎంజీటీ-14, డిక్లరేషన్‌కు జీఎన్‌ఎల్-2 ఫారాలు వాడతారు.

లిక్విడేటర్ నియామకమైన ఐదు రోజుల్లో ఫారం ఏ నమూనాలో బహిరంగ ప్రకటన ఇవ్వాలి. రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్నచోట బాగా చదివే ఒక ఇంగ్లిష్ పత్రికలో, ఒక తెలుగు పత్రికలో వేయాలి. కంపెనీకి వెబ్‌సైట్ ఉంటే అందులోనూ పెట్టాలి. ఆదాయపు పన్ను అధికారికి, జీఎస్టీ కమిషనరుకు 30 రోజుల్లో లిక్విడేటర్ తన నియామకం సంగతి తెలపాలి. ఆదాయపు పన్ను శాఖ నుంచి అభ్యంతరం లేదన్న పత్రం తెస్తేనే ముందుకు వెళ్లాలన్న అపోహ చాలాకాలం ఉండేది. ఆ పత్రం అక్కర్లేదని ఐబీబీఐ 2021 నవంబరులో సర్క్యులర్ ఇచ్చింది.

ఇక్కడి నుంచి కంపెనీ తన వ్యాపారం చేయకూడదు, మూసివేతకు మేలు చేసే మేరకు తప్ప. చేతిలో సగం పూర్తయిన ఆర్డరు పూర్తిచేసి డబ్బు తెచ్చుకోవచ్చు, కొత్త ఆర్డరు తీసుకోకూడదు. పగ్గాలు లిక్విడేటర్ చేతికి వెళ్తాయి. చెక్కుబుక్కులు, తాళాలు, పాస్‌వర్డులు, స్థలం దస్తావేజులు అన్నీ జాబితా రాసి, సంతకం తీసుకుని అప్పగించండి.

ఎనిమిదో మెట్టు: క్లెయిములు

లిక్విడేషన్ మొదలైన నాటి నుంచి 30 రోజుల్లోపు రావలసినవాళ్లందరూ క్లెయిములు వేయాలి. సరుకు, సేవలు ఇచ్చినవాళ్లకు ఫారం బీ, అప్పు ఇచ్చిన బ్యాంకులు వగైరాలకు ఫారం సీ, పనివాళ్లకు ఫారం డీ. అందరు పనివాళ్ల తరఫునా ఒకరే వేయాలంటే ఫారం ఈ. చదువు తక్కువున్న పనివాళ్లకు ఈ ఫారం నింపడంలో కంపెనీ ఆఫీసే సాయం చేస్తే ఎవరి డబ్బూ పోదు.

గడువు ముగిశాక మరో 30 రోజుల్లో లిక్విడేటర్ వాటిని సరిచూసి ఒప్పుకుంటాడు లేదా తిరస్కరిస్తాడు. తిరస్కరించినట్టు తెలిసిన అప్పులవాడు 14 రోజుల్లో ట్రైబ్యునల్‌కు అప్పీలు చేసుకోవచ్చు. ఈలోగా, మొదలైన 45 రోజుల్లో ప్రాథమిక నివేదిక తయారవుతుంది.

తొమ్మిదో మెట్టు: అమ్మకం, వసూలు

కంపెనీ పేరు చివర ‘స్వచ్ఛంద లిక్విడేషన్‌లో ఉంది’ అన్న అర్థం వచ్చే మాటలు చేర్చి బ్యాంకు ఖాతా తెరుస్తారు. వచ్చే ప్రతి రూపాయీ అందులోకే రావాలి, పోయే ప్రతి రూపాయీ అందులోంచే పోవాలి.

అందరూ ఆత్రంగా చేసే ఒక పని వద్దని చెప్పాలి. వ్యాపారం ఆగింది కదా అని జీఎస్టీ రిజిస్ట్రేషను ముందే రద్దు చేసుకోవద్దు. యంత్రాలు, మిగిలిన సరుకు అమ్మేటప్పుడు జీఎస్టీ వేసి ఇన్‌వాయిస్ ఇవ్వాలి. అమ్మకాలన్నీ అయ్యాకే రద్దుకు దరఖాస్తు చేసి, రద్దయిన మూడు నెలల్లో తుది రిటర్ను జీఎస్టీఆర్-10 వేయండి. పాన్ కూడా అంతే, రీఫండు చేతికి వచ్చేదాకా ఉంచాలి. ప్రైవేటు కంపెనీ నుంచి జీఎస్టీ బకాయి వసూలు కాకపోతే, ఆ కాలంలోని డైరెక్టర్లు తమ సొంత ఆస్తుల నుంచి కట్టాల్సి రావచ్చు. కాబట్టి పన్నుల లెక్క తేల్చడంలో లిక్విడేటర్‌కు మీరే దగ్గరుండి సాయం చేయండి.

షెడ్డునో యంత్రాన్నో డైరెక్టరు బంధువు కొంటానంటే దాచిపెట్టి చేయకండి. వాల్యూయర్ కట్టిన ధరకు తగ్గకుండా, షేర్‌హోల్డర్లకూ అప్పులవాళ్లకూ తెలిసేలా, కాగితాల మీద జరగాలి.

దారి మధ్యలో డబ్బు చాలదని లిక్విడేటర్‌కు అనిపిస్తే ప్రక్రియ నిలిపేయమని ఆయన ట్రైబ్యునల్‌కు చెప్పాలి. మోసం కనిపించినా అంతే.

పదో మెట్టు: పంచడం

డబ్బు చేతికొచ్చిన 30 రోజుల్లో పంచాలి. ముందు మూసివేత ఖర్చులు, ఆ తర్వాత పనివాళ్లు, తాకట్టు ఉన్న అప్పులు, మిగతా అప్పులు, చివర షేర్‌హోల్డర్లు. ఇది టూకీగా చెప్పిన వరస. అందరికీ పూర్తిగా అందే కంపెనీలో వరస మీద తగాదా రాదు.

షేర్‌హోల్డర్లకు వచ్చే డబ్బంతా ఒకేరకంగా పన్నుకు లెక్క రాదు. కంపెనీలో పోగుపడిన లాభాల మేరకు డివిడెండుగా చూస్తారు, ఆపై మొత్తాన్ని మూలధన లాభం లెక్కలోకి తీసుకుంటారు. విదేశాల్లో ఉన్న షేర్‌హోల్డరుకు పంపాలంటే విదేశీ మారకం వ్యవహారాలు చూసే బ్యాంకు ద్వారానే పంపాలి. పన్ను కట్టినట్టు పత్రం, అప్పులన్నీ తీరాయని, కోర్టు వ్యవహారాలేవీ లేవని ఆడిటరు ధ్రువీకరణ ఆ బ్యాంకు అడుగుతుంది. అప్పట్లో వాటాలు ఇచ్చినప్పుడు రిజర్వు బ్యాంకుకు వేసిన ఎఫ్‌సీ-జీపీఆర్ ఫారం కాపీ దొరకక చివర్లో ఆగిపోయే అవకాశం ఉంది, మొదటి మెట్టులోనే దాన్ని వెతికి పెట్టుకోండి. ఎవరి ఆచూకీ దొరకక మిగిలిన డబ్బును ఇందుకోసం ఉన్న ప్రత్యేక లిక్విడేషన్ ఖాతాలో జమచేయాలి.

పదకొండో మెట్టు: ట్రైబ్యునల్ ఉత్తర్వు

అప్పులవాళ్ల ఆమోదంతో మొదలైన మూసివేత 270 రోజుల్లో, అప్పులే లేని కంపెనీది 90 రోజుల్లో లిక్విడేటర్ పూర్తిచేయాలని 2022 సవరణ చెబుతోంది. అంతకుముందు ఏడాది గడువుండేది. ఈ నిబంధనలకు సవరణలు వస్తూనే ఉంటాయి కాబట్టి మీరు మొదలుపెట్టే రోజున ఐబీబీఐ వెబ్‌సైట్‌లో తాజా ప్రతి తీసి చూసుకోండి.

అన్నీ అయ్యాక లిక్విడేటర్ ఆడిటైన లెక్కలతో తుది నివేదిక, ఫారం హెచ్‌లో నిబంధనలు పాటించినట్టు ధ్రువపత్రం తయారుచేసి, కంపెనీని రద్దు చేయమని నేషనల్ కంపెనీ లా ట్రైబ్యునల్‌కు దరఖాస్తు చేస్తాడు. తెలంగాణ కంపెనీలది హైదరాబాద్ బెంచి, ఆంధ్రప్రదేశ్ కంపెనీలది అమరావతి బెంచి. అక్కడ విచారణకు పట్టే కాలం మీ చేతిలో ఉండదు, పైన చెప్పిన రోజుల లెక్కలో దాన్ని కలుపుకోవద్దు.

ఉత్తర్వు వెలువడిన రోజు నుంచి కంపెనీ లేనట్టే. ఆ ఉత్తర్వు 14 రోజుల్లో రిజిస్ట్రారుకు చేరాలి, ఐఎన్‌సీ-28 ఫారంతో దాఖలు చేస్తారు. ఆ తర్వాత రిజిస్ట్రారు వెబ్‌సైట్‌లో కంపెనీ స్థితి మారిందో లేదో మీరే వెళ్లి చూడండి. మారకపోతే రిటర్నులు వేయలేదన్న నోటీసులు మళ్లీ మీ ఇంటికే వస్తాయి. కంపెనీ లెక్కల పుస్తకాలు లిక్విడేటర్ ఎనిమిదేళ్లు భద్రపరచాలి. డైరెక్టర్లు మాత్రం ఉత్తర్వు ధ్రువీకృత ప్రతి, బ్యాంకు ఇచ్చిన బకాయి లేదన్న పత్రం, జీఎస్టీ రద్దు ఉత్తర్వు, పీఎఫ్ చలాన్లు, పనివాళ్లకు ఇచ్చిన చెల్లింపు రసీదులు తలా ఒక సెట్టు తమ దగ్గర ఉంచుకోవాలి. కొన్నేళ్ల తర్వాత వచ్చే ఏ నోటీసుకైనా జవాబు ఆ కాగితాల్లోనే ఉంటుంది.